డీజిల్ పంచాంగ శ్రవణం

పెళ్ళప్పుడు మా బావమరిది జాతకాలు చూడనివ్వలేదు. "ఏ కాలంలో ఉన్నారు నాన్నా మీరు?" అని మా మామగారి మీద ఎగిరి, పంతులుగారు రాసిచ్చిన పొంతన కాగితం విప్పకుండానే తిప్పి పంపించాడు. అదే మనిషి నలభై మూడో ఏట, టెక్సాస్ ఫ్రిస్కోలో కూర్చుని, రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశాడు. "బావా, 2006 మంచిదా, 2007 మంచిదా? 2007 అయితే మొదటి సగమా, రెండో సగమా?"

పక్కన నిద్రపోతున్న మా ఆవిడ దిగ్గున లేచి, "ఎవరికి సంబంధం చూస్తున్నాడు వీడు?" అంది.

సంబంధం కాదు. ట్రక్కు. డీజిల్ పికప్ ట్రక్కు.

మా బావమరిది ఓ బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. వారానికి నాలుగు రోజులు ఇంట్లోంచే. వాడు మోసే బరువుల్లో పెద్దది నెలకో 20 పౌన్ల సోనామసూరి బస్తా. ఏడాదికోసారి వినాయకచవితి పందిరి సామాను. ఇప్పుడు వాడు చూస్తున్న జాతి ట్రక్కుల్లో కొత్తవి 18 టన్నుల దాకా లాగగలవని కంపెనీలే చెబుతాయి. డీజిలే ఎందుకురా అంటే, "మూడు లక్షల మైళ్ళు నడుస్తుంది బావా" అన్నాడు. ఏడాదికి వాడు తిరిగేది ఆరు వేల మైళ్ళు. లెక్క వేశాను. తొంభై మూడో ఏటికి ఇంజను రీబోరుకొస్తుంది. అప్పటికి వీడి మోకాళ్ళు ఎన్నిసార్లు రీబోరుకొస్తాయో వాడు లెక్క వేసుకున్నట్టు లేదు.

సరే, అడిగాడు కాబట్టి పంచాంగం విప్పాను. నవ్వకండి. ఇది నేను సరదాకి అంటున్న మాట కాదు. ప్రపంచంలో ఏ సరుకుకైనా ధర, బరువు, నాణ్యం చూస్తారు. అమెరికా డీజిల్ ట్రక్కుకు మాత్రం ముందు పుట్టిన సంవత్సరం చూస్తారు, తర్వాత గోత్రం, ఆ తర్వాత దోషం. గోత్రాలు మూడు: ఫోర్డువారి పవర్‌స్ట్రోక్, జనరల్ మోటార్స్ వారి డ్యూరామ్యాక్స్, డాడ్జి ఇంట పుట్టి రామ్ ఇంటిపేరుతో పెరిగిన కమిన్స్. ఒక గోత్రంవాడు ఇంకో గోత్రంవాడికి పిల్లనైనా ఇస్తాడేమోగానీ వాడి బండి మాత్రం ఎక్కడు. అధికమాసం మనకొక్కరికే ఉందనుకుంటాం. వీళ్ళకూ ఉంది: 1998.5, 2004.5, 2007.5. ఏడాది మధ్యలో ఇంజను మారితే ఆ అరను పక్కన తగిలిస్తారు. ఆ అర ఎటుపక్క పడిందన్న దాని మీద వేల డాలర్లు చేతులు మారతాయి.

ముందుగా పెద్దలు. 1998 దాకా వచ్చిన 5.9 లీటర్ల, 12 వాల్వుల కమిన్స్. ఆ ఏడాది మనకు బహుధాన్య. దాన్ని నడిపించడానికి కంప్యూటర్ అక్కర్లేదు, డీజిలుంటే చాలు. ఒకే ఒక్క గండం. ముందువైపు గేర్ల పెట్టెలో వేలి కణుపంత ఉక్కు పిన్ను ఒకటి ఏళ్ళ అదురుకు వదులై గేర్లలో పడుతుంది. ముద్దుపేరు కిల్లర్ డవెల్ పిన్. చిన్న రేకుముక్క అడ్డం బిగిస్తే ఆగిపోయే మృత్యువు ఇది. ఆ అధికమాసంలో పుట్టిన తమ్ముడు 24 వాల్వులవాడికి ఆ భాగ్యం కూడా లేదు. ట్యాంకు నుంచి డీజిల్ తోడే చవక పంపు పోతూ పోతూ ఖరీదైన పంపును కూడా వెంట తీసుకుపోతుంది.

2003, స్వభాను నామ సంవత్సరం. ఇక్కడ కాస్త ఆగాలి. పేరు వింటే స్వర్భానుడు గుర్తొస్తాడు కదా, అమృతం తాగబోయి తల తెగి రాహువైనవాడు. ఆ ఏడాదే ఫోర్డువారు 6.0 లీటర్ల ఇంజనును భూమ్మీదికి దించారు. దాని రోగం సరిగ్గా తలలోనే. ఆయిల్ కూలర్ పూడుకుపోతుంది. దాంతో పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్‌కు నీళ్ళు చాలక అది పగులుతుంది. ఆ నీళ్ళు సిలిండర్లలోకి దిగుతాయి. సిలిండరుకు నాలుగేసి బోల్టులతో బిగించిన హెడ్డు ఒత్తిడి తట్టుకోలేక లేస్తుంది. లేచిన తలను దించడానికి షెడ్డువాళ్ళు ఏకంగా క్యాబిన్ మొత్తాన్ని ఛాసిస్ మీంచి పైకెత్తేస్తారు. చూశాను నేను. పంటి నొప్పితో వెళ్ళినవాడి మొండేన్ని వేరే గదిలో పెట్టినట్టుంటుంది.

ఆ ఇంజను తయారుచేసిన నావిస్టార్, కొన్న ఫోర్డు ఒకరిమీదొకరు కోర్టుకెక్కారు. తర్వాత రాజీపడ్డారు. బండి కొన్నవాడితో రాజీపడే తీరిక మాత్రం అంత త్వరగా ఎవరికీ దొరకలేదు. వాడు తన డబ్బుతో గట్టి స్టడ్లు, కొత్త కూలర్లు వేయించుకున్నాడు. దానికి బుల్లెట్‌ప్రూఫింగ్ అని వీరోచితమైన పేరు. మనం దాన్నే శాంతి చేయించడం అంటాం. ఇప్పుడు పాత 6.0 అమ్మేవాడు ప్రకటనలో మొదటి మాటగా అదే రాస్తాడు, కుజదోషానికి పూజ అయిపోయింది, ఇక నిక్షేపంగా చేసుకోవచ్చు అన్నట్టు.

2008, సర్వధారి. పేరుకు తగ్గట్టే ఫోర్డు 6.0 తర్వాతి 6.4 ఇంజను అన్నీ ధరించింది: రెండు టర్బోలు, మసిని పట్టి కాల్చే డీపీఎఫ్ డబ్బా, ఇంకా బోలెడు గొట్టాలు. మార్కెట్లోకి వచ్చీరాగానే సైలెన్సర్ గొట్టంలోంచి మంటలొస్తున్నాయని వెనక్కి పిలిపించారు. ఆ డబ్బాలో మసి కాల్చడానికి అదనంగా పోసిన డీజిల్ సిలిండర్ గోడల మీంచి జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. అంటే ఆయిలు తగ్గదు, పెరుగుతుంది. పురాణాల్లో అయితే అక్షయపాత్ర అనేవారు. షెడ్డులో వేరే మాట అంటారు, అచ్చులో రాయలేను. వికృతి నామ సంవత్సరంతో, అంటే 2010తో, దాని కథ ముగిసింది.

మా బావమరిది అడిగిన 2006, వ్యయ నామ సంవత్సరం. డ్యూరామ్యాక్స్ గోత్రంలో ఎల్‌బీజెడ్ అనే ఇంజను 2006లోనూ, 2007 మొదటి సగంలోనూ వచ్చింది. అంతకు ముందున్న ఎల్‌బీ7కు ఇంజెక్టర్ల జబ్బు, ఎల్‌ఎల్‌వైకి ఒళ్ళు కాగే జబ్బు. తర్వాత వచ్చిన వాటికి డబ్బాల బరువు. మధ్యలో ఈ ఒక్కడే లక్షణంగా పుట్టాడు. అందుకని ఇరవై ఏళ్ళ పాతబండికి కొత్త పెళ్ళికొడుకు కట్నం అడుగుతున్నారు. సంవత్సరానికి ఆ పేరు పెట్టినవాడు డ్యూరామ్యాక్స్ ధరలు ముందే చూసి ఉంటాడు.

ఇక 2011. ఖర. ఖరమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ మోడల్ ఏడాదే ఫోర్డు, జీఎం రెండూ కలిసి బాష్ వారి సీపీ4 అనే పంపును తలకెత్తుకున్నాయి. ఫోర్డు తన సొంత 6.7 ఇంజనుకు పెట్టుకున్న రహస్య నామం స్కార్పియన్. వృశ్చిక రాశి, ఖర సంవత్సరం. ఇంతకంటే పంచాంగకర్త ఏం హెచ్చరించగలడు?

సీపీ4 పంపు కథ తెలిస్తే మిగిలిన లోకమంతా తెలిసినట్టే. ఆ పంపుకు వేరే నూనె ఉండదు, తాను తోసే డీజిలే దానికి జిడ్డు. గంధకం తీసేసిన కొత్త డీజిలుకు జిడ్డు తక్కువ. ఆ జిడ్డును ఓ ఉక్కు గోళీ మీద పడే అరుగుదల మచ్చతో కొలుస్తారు. యూరప్‌లో మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. అమెరికాలో 520 దాకా ఫరవాలేదు. మన భాషలో చెప్పాలంటే, నేతి అన్నం తిని పెరిగిన పిల్లను మజ్జిగ కూడా పొయ్యని ఇంటికిచ్చారు. పంపులో ఓ రోలరు క్యామ్ మీద దొర్లుతూ ఉండాలి. అది అడ్డం తిరిగితే దొర్లడం మానేసి గీరుకుంటుంది. ఆ రజను పంపు నుంచి ఇంజెక్టర్లకు, ఇంజెక్టర్ల నుంచి ట్యాంకుకు, ప్రసాదం పంచినట్టు అన్నిచోట్లకూ చేరుతుంది. పంపొక్కటీ మారిస్తే చాలదు, డీజిల్ ముట్టుకున్న ప్రతి వస్తువూ మార్చాలి. పది వేల డాలర్ల పని. వారంటీ ఉందిగా అని వెళ్తే, "నీ డీజిల్లో నీళ్ళున్నాయి, తప్పు నీది" అన్నారని యజమానులు దావాల్లో మొరపెట్టుకున్నారు. పంపు విరిగితే రజను ఇంజెక్టర్లకు పోకుండా ట్యాంకులోకి మళ్ళించే సామాను కూడా అంగట్లో అమ్ముతారు. దాని పేరు విపత్తు నివారణ కిట్టు. పంపు చస్తుందని అందరికీ తెలుసు, శవం ఎటు పోవాలన్నదే బేరం.

జీఎం 2017లో తెలివి తెచ్చుకుని జపాన్ డెన్సో పంపు పెట్టుకుంది. హమ్మయ్య అనుకుంటుండగా, 2019లో రామ్‌వారు, పక్కింటివాడు పారేసిన చీపురుకట్టను ఏరి తెచ్చుకున్నట్టు, అదే సీపీ4ను తమ కమిన్స్‌కు తగిలించారు. అది వికారి నామ సంవత్సరం. రెండేళ్ళకే చెంపలేసుకుని, 2021లో పాత సీపీ3కే తిరిగి వెళ్ళారు, అమ్మిన బండ్లన్నీ వెనక్కి పిలిచారు. ఆ ఏడాది పేరు ప్లవ. దాటించేది అని అర్థం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని వాళ్ళకు తెలుగులో ఎవరూ చెప్పినట్టు లేరు.

"అయితే ఏది కొనమంటావు బావా?"

"నీకు ఏ జబ్బంటే ఇష్టమో చెప్పు. తల నొప్పా, గుండె నొప్పా, విరేచనాలా?"

పొగ సంగతి చెబితే విరేచనాలే నయమనిపిస్తుంది. కొత్త డీజిల్ ట్రక్కులకు యూరియా నీళ్ళు పొయ్యాలి. డెఫ్ అంటారు. నూటికి 32.5 పాళ్ళు యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్ళు. పొగ గొట్టంలో చల్లితే విషవాయువులు విరుగుతాయి. రెండున్నర గ్యాలన్ల డబ్బా పదిహేను, ఇరవై డాలర్లు. అందులో యూరియా మూడు కిలోల పైచిలుకు. 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు యూరియా బస్తా కోసం తెల్లవారుజామున చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు కదా, అందులో ఓ జత మా మామగారివి. నరసరావుపేట దగ్గర మిర్చి వేస్తారాయన. ఆ వారమే కొడుకు వీడియో కాల్‌లో, తాను బేరమాడుతున్న బండికి ఈ నీళ్ళు ఎక్కడ పొయ్యాలో చూపించాడు.

"ఏమిట్రా అది?"

"యూరియా నాన్నా. బండికి."

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. మూడు డాలర్లకు అటూఇటూగా ఉండే 45 కిలోల బస్తా కోసం ఆధార్ కార్డు పట్టుకుని తిరుగుతున్న మనిషి. చివరికి అడిగారు: "పూత బాగా పడుతుందా?"

ఆ యూరియా అయిపోతే బండి ముందు మొరుగుతుంది, తర్వాత వేగం తగ్గిస్తుంది, ఆఖరికి గంటకు 5 మైళ్ళకు దిగిపోతుంది. వందల గుర్రాల బలమున్న బండిని మా మామగారి ఎడ్లు దాటిపోతాయి. 2025 ఆగస్టులో పర్యావరణ సంస్థ ఈపీఏ కనికరించి, శిక్ష కాస్త మెల్లిగా వెయ్యమని కంపెనీలకు చెప్పింది. రైతుకు చెప్పులు తీసి లోపలికి రమ్మని ఎవరూ చెప్పలేదు.

పొగ డబ్బాలంటే గిట్టనివాళ్ళ మార్గం వేరు. డబ్బాలు కోసి పారేస్తారు. కంప్యూటర్‌కు అబద్ధం నేర్పుతారు. ఇది చట్టవిరుద్ధం. అయినా పదేళ్ళలో ఐదున్నర లక్షలకు పైగా పికప్పుల్లో డబ్బాలు మాయమయ్యాయని ఈపీఏ 2020లో లెక్కగట్టింది. టెక్సాస్‌లో పెద్ద ఊళ్ళ చుట్టుపక్కల పెట్రోలు బండికి పొగ పరీక్ష ఉంది. నల్లగా కక్కే డీజిల్‌కు లేదు. తాగుబోతును వదిలేసి పక్కవాడి నోరు వాసన చూసే పోలీసు ఇక్కడే దొరుకుతాడు. చిల్లర దొంగల్ని తిట్టేముందు పెద్దింటి సంగతి కూడా చెప్పుకోవాలి. 2013 నుంచి 2019 దాకా రామ్ ట్రక్కుల కమిన్స్ ఇంజన్లలో పొగ పరీక్షను బోల్తా కొట్టించే ఏర్పాట్లున్నాయని ప్రభుత్వం ఆరోపించింది. తప్పు ఒప్పుకోకుండానే కమిన్స్ కంపెనీ 167 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానాకు సిద్ధపడింది. గాలి కాలుష్య చట్టం కింద అంత పెద్ద సివిల్ జరిమానా అంతకు ముందెప్పుడూ లేదు. ఒప్పందం బయటపడింది 2023 డిసెంబరులో, శోభకృతు నామ సంవత్సరంలో. శోభ కాక మరేమిటి?

మా మామగారు ఇంకో మాట కూడా అడిగారు. "మన బొలేరో పికప్ లాంటిది కొనుక్కోరాదుట్రా? ముప్ఫై టిక్కీల మిర్చి యార్డుకు పడేసి వస్తుంది." దొరకదు నాన్నా అన్నాడు వీడు. నిజమే, దొరకదు. 1960ల్లో అమెరికా కోళ్ళ మీద యూరప్ సుంకం వేసింది. ఆ కోపంతో అమెరికా 1964లో విదేశీ ట్రక్కుల మీద నూటికి పాతిక సుంకం కొట్టింది. కోళ్ళ పంచాయితీ అందరూ మర్చిపోయారు, సుంకం మాత్రం కూర్చునే ఉంది. మహీంద్రావారు ఓ చిన్న డీజిల్ పికప్‌ను 2010 ప్రాంతాల్లో ఇక్కడి గడప దాకా తెచ్చి, వ్యాజ్యాల్లో చిక్కుకుని వెనుదిరిగారు. ఆ విధంగా కోడి పోట్లాటలో చిన్న బండ్లు చచ్చాయి, లారీ కంటే ఓ జానెడు తక్కువున్న ఈ పర్వతాలు మిగిలాయి. వాటి బరువు 8,500 పౌన్ల కొలత దాటుతుంది కాబట్టి అద్దం మీద మైలేజీ రాయాలన్న నియమం కూడా లేదు. బరువైనవాడిని మైలేజీ అడగకూడదట.

పన్ను శాఖ కూడా పెళ్ళిపెద్దల్లో ఉంది. 6,000 పౌన్లు దాటిన బండిని వ్యాపారానికి వాడితే సెక్షన్ 179 కింద కొన్న ఏడాదే ఖర్చు రాసుకోవచ్చు. మా బావమరిదికి ఓ ఎల్ఎల్‌సీ ఉంది. వాడి భార్య పేరు మీద, కన్సల్టింగ్. ఇరవై డాలర్ల పన్ను మిగులుతుందంటే వంద డాలర్ల వస్తువు కొనే తెలుగువాడిని నేను చాలామందిని చూశాను, పొద్దున గడ్డం గీసుకుంటున్నప్పుడు కూడా ఒకణ్ణి చూస్తాను.

చివరికి ఓ శనివారం, డాలస్‌కు గంటన్నర దూరంలో ఓ పాత బండి చూడ్డానికి వెళ్ళాం. నేను పెళ్ళిచూపుల పెద్దను. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. మనం వచ్చేలోపే అమ్మేవాడు స్టార్టు చేసి వేడెక్కించాడంటే, చల్లగా ఉన్నప్పుడు అది ఏ పాట పాడుతుందో వినకూడదన్నమాట. ఇంజను తిరుగుతుండగా ఆయిల్ మూత విప్పి తిరగేసి పెట్టాను. మూత చిందులేసి కింద పడింది. లోపల పిస్టన్ల పక్క నుంచి గాలి తన్నుతోందని అర్థం. తెల్ల జేబురుమాలు వేలికి చుట్టి సైలెన్సర్ గొట్టం లోపల తిప్పాను. డీపీఎఫ్ పనిచేసే బండిలో అది దాదాపు తెల్లగానే రావాలి. కాటుక డబ్బీలో వేలు పెట్టినట్టు వచ్చింది. ఆ డబ్బా పగిలిందో, లేదా ఎప్పుడో ఏ చెత్తకుప్పలోనో ఉందో. అమ్మేవాడు టోపీ సర్దుకుంటూ, ఈ బండి ఎప్పుడూ బరువు లాగలేదని చెప్పాడు. వెనక, బరువు లాగే కొక్కెం గోళీ నున్నగా, అద్దంలా మెరుస్తోంది.

"ఏమంటావు బావా?" అన్నాడు మావాడు. కళ్ళలో అప్పటికే తాంబూలాలు పుచ్చుకున్న వెలుగుంది.

"వద్దు."

దారంతా మాట్లాడలేదు. అమెరికాలో దోషమున్న బండిని నిమ్మకాయ అంటారని, కొత్తబండి అలా తేలితే ఆదుకోవడానికి నిమ్మకాయ చట్టమే ఒకటుందని, ఇలాంటి పాతవాటికి అది వర్తించదని నేను చెబుతూ పోయాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎదురొచ్చే ప్రతి ట్రక్కు సంవత్సరం గొణుక్కున్నాడు. హెడ్‌లైట్లు చూసి చెప్పేస్తున్నాడు. సొంత పిల్లల క్లాసు అడిగితే తడుముకునే మనిషి.

మూడు వారాల తర్వాత నన్ను అడక్కుండా ఒకటి కొనేశాడు. ఏ గోత్రమో, ఏ ఏడాదో చెప్పను. లాయర్ ఖర్చులు రాసుకోవడానికి నాకు ఎల్ఎల్‌సీ లేదు. వెనక జంట టైర్లు, మొత్తం ఆరు చక్రాలు, ఇరవై రెండు అడుగుల పొడవు. గ్యారేజీ ఇరవై అడుగులు. రెండోరోజే కాలనీ సంఘం నుంచి ఉత్తరమొచ్చింది: ఈ కొలతల బండి రాత్రిళ్ళు ఇంటిముందు ఉండరాదు. ఇప్పుడది ఎనిమిది మైళ్ళ అవతల అద్దె స్థలంలో ఉంటుంది. వీడు కరెంటు కారెక్కి వెళ్ళి దాన్ని పలకరించి వస్తాడు. దగ్గర దగ్గర దూరాలు తిప్పితే మసి డబ్బా పూడుకుపోతుంది కాబట్టి, ప్రతి ఆదివారం హైవే మీద ఓ నలభై నిమిషాలు తోలుకొస్తాడు, చూడి గేదెను నడిపించినట్టు. "ఎక్కడికెళ్తున్నావురా?" అంటే, "ఎక్కడికీ లేదు బావా, దానికి వేడెక్కాలి" అంటాడు.

వాహన పూజ గుడి వెనక పార్కింగ్‌లో జరిగింది. బండి రెండు గడులు ఆక్రమించి, మూడోదాంట్లోకి మూతి పెట్టింది. మా మామగారు వీడియోలో చూస్తూ, "వెనక పెట్టె బాగుందిరా, ఎన్ని టిక్కీలు పడతాయి?" అని మూడోసారి అడిగారు. పంతులుగారు నిచ్చెన తెప్పించుకుని బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగారు. ముందు రెండు, వెనక రెండు పెట్టి ఆగారు.

"ఇంకో రెండు కావాలి నాయనా."

"మామూలుగా నాలుగేగా పంతులుగారూ, నాలుగే తెచ్చాం" అన్నాడు మావాడు, ఎత్తు సీట్లోంచి కిందికి వంగి. నిమ్మకాయల కోసం అటూ ఇటూ చూశాడు.

మా ఆవిడ కొంగు సర్దుకుంటూ అంది: "ఇంత పెద్దది పెట్టుకుని ఎక్కడ వెతుకుతావురా?"

"ఏదమ్మా?" అని పంతులుగారు తలెత్తి చూశారు.